ఇరవయ్యొక్క పళ్ల గేరు

మెకానిక్కు ఆ లారీ మీద కన్నేశాడని పక్కింటామె చెప్పిందట. చెప్పింది ఈ ఇంటివాళ్లతో కాదు, ఇస్త్రీ చేసే ఆమెతో. ఇస్త్రీ ఆమె మడతలు అప్పగించడానికి వచ్చి అత్తగారి చెవిలో వేసింది. అత్తగారు గిన్నెలు తోముతూ, నీళ్ల చప్పుడు చాటున కోడలికి చెప్పింది. ఇన్ని చేతులు మారినా ఆ మాట ఎక్కడా చిరగలేదు సరికదా, వచ్చే దారిలో అంచు కూడా కుట్టించుకుంది. డ్రైవరుకి లైసెన్సు పోతే లారీ వాకిట్లో తుప్పు పడుతుందట, అప్పుడు సొంత బావే కదా అని మెకానిక్కు దాన్ని కారుచవగ్గా లాగేసుకుంటాడట, అందుకే గేర్‌బాక్సులో ముందుగానే ఏదో చేసిపెట్టాడట. ఏం చేశాడో పక్కింటామెకి తెలీదు. తెలియకపోవడమన్నది ఆమె నోటికి ఏనాడూ అడ్డం పడలేదు.

“నేను నమ్మలేదనుకో,” అంది అత్తగారు. గిన్నెని మాత్రం నమ్మినంత గట్టిగా తోమింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం, జరిగిందంతా నాలుగు ముక్కల్లో. లారీ పాతది, ఈ ఇంటి పెద్దాయన తన వయసులో కొన్నది. మోకాళ్లు మొరాయించాక తాళం కొడుకు చేతిలో పెట్టాడు, డ్రైవరంటే ఈ కొడుకే. మెకానిక్కు అత్తగారి మేనల్లుడు. ఇరవై రోజుల కిందట మార్కెట్టు మలుపులో ఆ లారీ, సైకిలు మీద వెళ్తున్న మాస్టారిని గుద్దింది. మనిషి బతికాడు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఆ రోడ్డు మీద నలభై దాటకూడదు. స్పీడు మీటరు ముల్లు నలభై మీదే ఉందని డ్రైవరు ఆ రోజు చెప్పాడు, ఇవాళా అదే చెబుతున్నాడు. టైర్లు గీసిన నల్లగీతలు కొలిచిన అధికారి, యాభైకి తగ్గదంటున్నాడు. రేపు పొద్దున పదింటికి విచారణ. డ్రైవరు అబద్ధమాడాడని తేలితే లైసెన్సు ఈ జన్మకి తిరిగి రాదు. ఆ పైన జైలు కూడా ఉండొచ్చు.

విచారణకి ముందు బండిని నడిపి, ముల్లు చూపించేదీ, బండి నిజంగా పోయేదీ పక్కపక్కన పెట్టి చూస్తారట. చిక్కేమిటంటే ముల్లు కదలడం లేదు. గుద్దినప్పుడు మీటరు కేబులు నలిగి బిగుసుకుంది. ఆ మీదట బండిని ఈడ్చుకెళ్తుంటే, గేర్‌బాక్సు పక్కన ఉండే బొటనవేలంత ప్లాస్టిక్ గేరు ఆ బిగిసిన కేబులుతో పెనుగులాడి పళ్లు రాలగొట్టుకుంది. కేబులు దొరికింది. గేరు దొరకలేదు. ఆ రకం గేర్‌బాక్సు తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

కోడలు బట్టలు కుట్టే మనిషి. మొగుడి మాట నమ్మింది. రోడ్డు మీద గీతల్ని కూడా నమ్మింది, ఎందుకంటే ఆమె దృష్టిలో కొలతన్నాక కొలతే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలీక, ఇరవై రోజులుగా చేతికొచ్చిన ప్రతి జాకెట్టూ ఒకచోట విప్పి మళ్లీ కుడుతోంది.

ఆ పొద్దున మెకానిక్కు వచ్చి, విరిగిన గేరుని గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఇనుప సామాన్ల వీధికి తను వెళ్లడట, ఆమే వెళ్లాలట. దీనికి ఎన్ని పళ్లుంటే అన్నే ఉన్నది తేవాలి. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. ఏ బండికని అడిగితే తెలీదనాలి.

“ఎక్కువ మాట్లాడకు చెల్లెమ్మా. మాట్లాడితే పని చెడుతుంది,” అన్నాడు.

రోజూ ఆ వీధిలో పడి దొర్లే మనిషి ఇవాళ ఎందుకు వెళ్లనంటున్నాడో ఆమెకి అంతుపట్టలేదు. అరగంట తర్వాత పక్కింటామె మాట చేరి, ఆ ఖాళీలో పీట వేసుకుని కూర్చుంది.

ఇనుప సామాన్ల వీధిలో నేల కూడా నల్లగా ఉంటుంది. వాననీళ్లు ఇంకవు, నూనె రంగులు తిరుగుతూ గుంటల్లో నిలబడతాయి. రెండు పక్కలా కొట్లు. కొట్ల ముందు గుట్టలు: విప్పేసిన ఇంజన్లు, చెవులు తెగిన రేడియేటర్లు, ఒకదాని మీద ఒకటి పడుకున్న స్టీరింగు చక్రాలు. మొదటి కొట్టువాడు గేరుని అరచేతిలో వేసుకుని, ఇది మా నాన్న ఈడుదమ్మా అని తిరిగిచ్చాడు. రెండోవాడు వేరే బండిది తీసి, ఇదే పడుతుంది, కాస్త అరగదీసుకోండి అన్నాడు. మూడోవాడు గేరు వంక చూడకుండా మీ ఆయన రాలేదా అని అడిగాడు. నాలుగో కొట్టువాడు మాత్రం, వీధి చివర డబ్బాలాయన దగ్గర లేకపోతే ఇంకెక్కడా లేనట్టేనని చెప్పాడు.

డబ్బాలాయనది రేకుల షెడ్డు. గోడల పొడుగునా అరలు, అరల నిండా ఖాళీ పౌడరు డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు, పెయింటు డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో రకం గేరు. వేటి మీదా రాత లేదు. రాసినా ఉపయోగం లేదు, ఆయన రెండు కళ్లకీ పొరలు కమ్మి ఉన్నాయి. మనిషి అలికిడి విని మొహం ఇటు తిప్పాడు కానీ, చూపు ఆమె భుజం పక్కనుంచి వెళ్లిపోయింది.

గేరు అందుకోగానే ఆయన వేలికి దారం ముడి తగిలింది. ఇదేమిటని అడిగాడు. లెక్క తప్పకుండా మొదటి పంటికి కట్టానని ఆమె చెప్పింది. కొన్ని పళ్లు రాలిపోయినా మొదళ్లు మిగిలాయి కాబట్టి, దారం దగ్గర మొదలుపెట్టి దారం దాకా లెక్కపెట్టుకుంది.

“ఇక్కడికొచ్చే మగాళ్లలో ఒక్కడూ మొదలు గుర్తు పెట్టుకోడు,” అన్నాడాయన. “ఒక పన్ను రెండుసార్లు లెక్కపెట్టుకుని నాతో తగువేసుకుంటారు. ఏం పని చేస్తావు?”

“కుడతాను తాతా.”

“అదీ సంగతి. ఏ బండికి?”

ఆమె మెకానిక్కు చెప్పమన్నది చెప్పింది: తెలీదు, దీనికి ఎన్నుంటే అన్నే పళ్లున్నది ఇవ్వండి చాలు. డబ్బాలాయన గేరుని ఆమె చేతిలో తిరిగి పెట్టేశాడు. పాత ముక్క చూసి కొత్త ముక్క ఇవ్వడం తన కొట్లో లేదన్నాడు. లోపల ఉన్నది సరైనదేనని ఎవరు చెప్పారు? వెనకటివాడు తప్పు పెట్టి ఉంటే, దాన్నే చూసి పెట్టేవాడూ తప్పే పెడతాడు. ఈ వీధిలో సగం బండ్లు అలా తాతల తప్పులు మోసుకు తిరుగుతున్నాయట. బండేదో, వెనక టైర్లు ఏ కొలతవో, ఇరుసులో ఏముందో చెబితే ఇస్తాడు. లేకపోతే దారి అటు.

ఆమె సంచి మీద చెయ్యి వేసింది. ఎక్కువ మాట్లాడకు చెల్లెమ్మా అన్న మాట చెవిలో ఉంది. అన్న మనిషి మొహమూ కళ్ల ముందుంది, ఆ మాట అంటున్నప్పుడు అతను ఆమెని కాక గుమ్మాన్ని చూశాడు. విచారణ కాగితం సంచిలోనే ఉంది. అధికారి అందులో టైరు కొలత, ఇరుసు నంబరు, అన్నీ రాసిపెట్టాడు. తీసి పైకి చదివింది.

డబ్బాలాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“పదిహేడు,” అన్నాడు.

“ఇది ఇరవయ్యొకటి తాతా.”

ఆయన గేరు మళ్లీ అడిగి తీసుకున్నాడు. బొటనవేలి గోరుతో పంటి మీంచి పంటి మీదకి, ఊడినచోట మొదలు మీదకి, నిదానంగా ఒక చుట్టు తిప్పాడు. పెదవులు కదిలాయి. ఇరవయ్యొకటే. ఈ టైర్లతో ఈ బండికి ఇరవయ్యొకటి పెట్టినవాడు తాగి అయినా ఉండాలి, ఏదో ఉద్దేశంతో అయినా ఉండాలి అన్నాడు.

అర్థమయ్యేట్టు చెప్పమని ఆమె అడిగింది. ఆయన ఆమె మిషను భాషలోనే చెప్పాడు. కాలితో తొక్కే మిషనుకి కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం ఉంటాయి కదా. పైన ఉన్నది తీసి కాస్త పెద్దది పెడితే ఏమవుతుంది? తొక్కేది అంతే తొక్కినా సూది నిదానిస్తుంది. ఇదీ అంతే. గేర్‌బాక్సు లోపల షాఫ్టు మీద ఒక గేరు తిరుగుతుంటుంది, దాన్ని ఆనుకుని ఈ చిన్నది తిరుగుతుంది, ఇది ఎంత తిరిగితే ముల్లు అంత లేస్తుంది. దీనికి పళ్లు పెరిగితే తిరగడం తగ్గుతుంది. బండి ఎంత పరిగెత్తినా ముల్లు తక్కువే చెబుతుంది.

“యాభైలో పోతుంటే?” అంది ఆమె.

“నలభై. వెంట్రుకవాసి అటూ ఇటూ.”

ఆమె పక్కనున్న బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయింది. మొగుడు అబద్ధం చెప్పలేదు. గీతలూ చెప్పలేదు. ఇరవై రోజుల్లో మొదటిసారి ఊపిరి గుండెల అడుగుదాకా వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టే ఆగిపోయింది, ఎందుకంటే గేరు తనంతట తాను పళ్లు మొలిపించుకోదు. ఎవరో దూరి, పదిహేడుని తీసి, ఇరవయ్యొకటిని పెట్టారు.

ఈమధ్య ఎవరైనా ఇలాంటిది పట్టుకెళ్లారా అని అడిగింది. రెండు నెలల కిందట ఒకడొచ్చాడన్నాడు డబ్బాలాయన. ఈ రకంలోనే ఎక్కువ పళ్లున్నది కావాలన్నాడట. ఏ బండికంటే నీకెందుకన్నాడట. బండేదో చెప్పనిదే ఇవ్వనంటే, చెయ్యి చాపి కదలకుండా నిలబడ్డాడట, చివరికి విసిగి ఇచ్చి పంపాడట.

“ఎలా ఉంటాడు తాతా?”

“నన్ను అడుగుతున్నావా?” అని నవ్వాడు. “చేతికి గ్రీజుంది. తీసుకున్నప్పుడు నాకంటింది. గొంతు తగ్గించి మాట్లాడాడు. ఈ వీధిలో పక్కవాడు వినాలంటేనే అరవాలి తల్లీ, ఇక్కడ గొంతు తగ్గించేవాడు దేన్నో దాస్తున్నట్టే. అంతకు మించి నాకు తెలీదు.”

గ్రీజు చేతులు, తగ్గించిన గొంతు. ఆమెకి ఇక పక్కింటామె సాక్ష్యంతో కూడా పని లేకపోయింది.

డబ్బాలాయన రెండు డబ్బాల్లో చెయ్యి పెట్టి, చూడకుండానే రెండు గేర్లు తీశాడు. పదిహేడుది ఒక కాగితంలో, ఇరవయ్యొకటిది ఒక కాగితంలో పొట్లం కట్టాడు. రెండూ పట్టుకెళ్లమన్నాడు. ఏది పెట్టాలో తనకి బాగా తెలుసట, ఏది పెట్టుకుంటారో మాత్రం ఆ ఇంటివాళ్ల ఇష్టమట.

ఆమె ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. వాకిట్లో లారీ ముందు భాగం ఎత్తిపెట్టి ఉంది. కింద మెకానిక్కు పడుకున్నాడు, రెండు కాళ్లూ బయటికి ఉన్నాయి. అలికిడికి కాళ్లు కదలడం మానేశాయి. దొరికిందా చెల్లెమ్మా అని కింద నుంచే అడిగాడు. దొరికింది, లోపలికి రండి అన్నయ్యా అంది. ఇక్కడే ఇచ్చెయ్యమని ఒక చెయ్యి బయటికి వచ్చింది. నల్లగా, గ్రీజుతో, వేళ్లు విప్పి. ఆమె ఆ చేతిని కాసేపు చూసి, దాటుకుని వెళ్లిపోయింది.

ముందుగదిలో కుట్టుమిషను, పక్కన బల్ల, గోడవారగా మంచం. మంచం మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఇరవై రోజులుగా అతనికి అదే డ్రైవరు సీటు. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో, మోకాళ్ల మీద చేతులు వేసుకుని. తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేక అన్ని రోజులూ అయింది. పెద్దాయన సంగతి ఒకటి చెప్పాలి. లారీ దిగాక కూడా ఆయన పలుకుబడి దిగలేదు. విచారణ గదిలో అనుభవం ఉన్న డ్రైవరుగా పక్క బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టుకునేవారు. ఎవడైనా కుర్రడ్రైవరు, అయ్యా ముల్లు ఇంతే చూపించింది అని మొత్తుకుంటే, అధికారులు ఆయన వైపు తిరిగేవారు. ముల్లు అబద్ధమాడదు, డ్రైవరే ఆడతాడు అనేవాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరి లైసెన్సులు పోయాయి. వాళ్లలో ఒకడు ఇప్పుడు చెక్కపేళ్లు కొట్టుకుని బతుకుతున్నాడు. కొడుకు గుద్దిన రోజున కూడా ఆయన ఆ మాటే అన్నాడు. దానితోనే వాళ్లిద్దరి మధ్య తలుపు పడింది.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు వంటింటి ద్వారబంధానికి ఆనుకుంది. కోడలు రెండు పొట్లాలూ విప్పి, గేర్లని మిషను బల్ల మీద పెట్టింది. విరిగినదాన్ని వాటి పక్కన పెట్టింది.

“అన్నయ్యా, మూడేళ్ల కిందట ఈ బండికి పెద్ద టైర్లు వేసినప్పుడు మీటరు గేరు మార్చింది మీరేనా?”

“నేనే.”

“ఎన్ని పళ్లది?”

మెకానిక్కు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. అన్ని వేళ్లూ అయ్యాక గానీ నోరు తెరవలేదు.

“పదిహేడు.”

ఆమె అబద్ధం వింటానని సిద్ధపడి ఉంది. నిజం వినబడేసరికి తర్వాతి ప్రశ్న చెదిరిపోయింది. మీరిచ్చిన ముక్కకి ఇరవయ్యొకటి ఉన్నాయి అని మాత్రం అనగలిగింది.

“తెలుసు. ఊడదీసిన రోజే చూశాను.”

డ్రైవరు మంచం మీంచి లేచాడు. ఏమిటి తెలుసు, ఎవరికి తెలుసు అని అడిగాడు. ఆమె కుట్టుమిషను చక్రాలు చూపించి, డబ్బాలాయన చెప్పిందంతా చెప్పింది. బండి యాభైలో పోతుంటే ముల్లు నలభై మీద నిలబడుతుందని చెప్పేసరికి డ్రైవరు మొహం పిల్లాడి మొహంలా అయిపోయింది. ఏడవబోతున్నాడో నవ్వబోతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. రెండు నెలలుగా నలభైకే ఇంజను మోత పెడుతోందని నీకు చెప్పాను కదా బావా అన్నాడు. చెప్పావు, నేను సైలెన్సరు విప్పి చూశాను అన్నాడు మెకానిక్కు, నేలకేసి చూస్తూ.

అత్తగారు ఇక ఆగలేకపోయింది. పక్కింటామె మాట చెవిన పడ్డప్పుడు తను చచ్చినా నమ్మలేదనీ, మేనల్లుడివని ఇంట్లో మనిషిలా చూసుకున్నందుకు ఇదా బహుమానమనీ, ఒక పాత లారీ కోసం సొంత బావ కొంప ముంచాలా అనీ అడిగేసింది. మెకానిక్కు అదంతా విని, చివర్న నవ్వాడు. నవ్వులో సరదా లేదు.

“ఈ డొక్కు నాకెందుకత్తయ్యా? ఇరవై ఏళ్ల నుంచి దీని కింద పడుకుంటున్నాను, నా పెళ్లాం పక్కన కూడా అంత పడుకోలేదు. ఊరికే ఇచ్చినా తీసుకోను.”

“మరి పొద్దున గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పొద్దని ఎందుకన్నారు?” అంది కోడలు. “ఆ వీధికి మీరెందుకు వెళ్లలేదు?”

అప్పుడు మెకానిక్కు డ్రైవరు వైపు తిరిగాడు.

“నువ్వే మార్చావనుకున్నాను బావా.”

బండి అమ్మేసి కొత్తది చూద్దామని డ్రైవరు ఏడాదిగా అంటున్నాడు. ఆ గేరు పెడితే ముల్లే కాదు, తిరిగిన దూరం కూడా తక్కువ పడుతుంది. కొనేవాడి కళ్లకి బండి పడుచుగా కనబడుతుంది. అందుకోసం చాటుగా చేశాడనుకున్నాడు మెకానిక్కు. తను ఆ వీధికి వెళితే, ఆ పాత బండికి ఏం కావాలి అని పదిమంది అడుగుతారు, రేపు వాళ్లలో ఎవరో ఒకరు విచారణలో నోరు జారతారు. అందుకని చెల్లెల్ని పంపాడు. నోరు మూసుకున్నది బావని కాపాడడానికేనన్నాడు.

డ్రైవరు తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. “దీన్ని చూసి మాట్లాడు బావా. నేను ఆ బండి కిందకి దూరితే నీకు జాకీతో పని లేదు, బండి తనే లేస్తుంది.”

ఎవరికీ నవ్వు రాలేదు, అయినా గదిలో బిగువు కొంచెం సడలింది. సడలిన వెంటనే మరో రకంగా బిగుసుకుంది. మెకానిక్కు కాదు. డ్రైవరు కాదు. అత్తగారు వాకిలి తలుపు వైపు చూసి, ఎవరో గిట్టనివాళ్లు చేసి ఉంటారంది. గిట్టనివాడు బ్రేకులు కోస్తాడు గానీ మీటరు గేరు మార్చడు అత్తయ్యా అన్నాడు మెకానిక్కు.

కోడలికి అప్పటికే ఇంకో లెక్క నడుస్తోంది. పదిహేడుది పెడితే రేపు ముల్లు నిజం చెబుతుంది. ముల్లు నిజం చెప్పిందంటే తన మొగుడు అబద్ధం చెప్పినట్టే. ఇరవయ్యొకటిది పెడితే ముల్లు తప్పని తేలుతుంది. ఎవరు పెట్టారని అడుగుతారు. తెలీదంటే, గుద్దిన తర్వాత మీరే పెట్టుకుని నాటకమాడుతున్నారంటారు. విరిగిన ముక్క చూపించినా అదే మాట. ఏ గేరూ తన మొగుణ్ణి కాపాడదు. అదే మాట పైకి అంది. గేరు సాక్ష్యం చెప్పదు, పెట్టిన మనిషి వచ్చి నేనే పెట్టానని చెప్పాలి, అంతకంటే దారి లేదు.

“పళ్లు పెరిగితే ముల్లు పెరగాలి కదా,” అన్నాడు పెద్దాయన.

ఇరవై రోజుల్లో ఆ గదిలో ఆయన అన్న మొదటి మాట అది. మెకానిక్కు ఓపిగ్గా చెప్పాడు. లోపల షాఫ్టు మీద ఉండే గేరుకి పళ్లు పెరిగితే ముల్లు పెరుగుతుంది మామయ్యా, ఇది పక్కన ఉండే గేరు, దీనికి పెరిగితే తగ్గుతుంది.

“నా మొదటి బండికి పెరిగింది. ఎక్కువ పళ్లది వేయించాను, ముప్పైలో పోతుంటే నలభై చూపించింది.”

“అది లోపలిది వేసి ఉంటారు.”

“ఏది వేశారో నేను చూడలేదు. పళ్లు ఎక్కువన్నారు, అంతే.”

పెద్దాయన మోకాళ్ల మీది చేతులు అలాగే ఉన్నాయి. చూపు మాత్రం మిషను బల్ల మీద, మూడు గేర్లలో విరిగినదాని మీద ఉంది. కోడలు ఆ చూపు వెంట వెళ్లి, తిరిగి ఆయన మొహం దాకా వచ్చింది. అడగకూడదని ఒక పక్క అనిపించింది. అడిగేసింది.

“ఇప్పుడా సంగతి మీకెందుకు గుర్తొచ్చింది మామయ్యా?”

ఆయన దాచలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు కూడా, బండి ఎక్కడెక్కడ ఆపామో చెప్పినట్టు వరసగా చెప్పుకుపోయాడు. నాలుగు నెలల కిందట ఒకసారి కొడుకు పక్కన కూర్చుని వెళ్లాడు. మలుపుల్లో కూడా కాలు తీయడం లేదు. చెప్పాడు, వినలేదు. ఇంకోసారి చెప్పాడు, మీ కాలం వేరు నాన్నా అన్నాడు. నోటితో చెబితే వినడు, ముల్లుతో చెబితే వింటాడనుకున్నాడు. నలభైలో పోతుంటే ముల్లు యాభై చూపిస్తే భయపడి వాడే కాలు తీస్తాడు. రెండు నెలల కిందట, లారీ తలుపులకి గ్రీజు పెట్టిన చేత్తోనే డబ్బాలాయన దగ్గరికెళ్లి ఎక్కువ పళ్లది తెచ్చుకున్నాడు. నూనె మార్చడానికని బండిని మెకానిక్కు షెడ్డులో గుంట మీద నిలబెట్టిన రోజు, మేనల్లుడు అన్నానికి వెళ్లాక, గుంట మెట్లు దిగి నిలబడే చేశాడు. ఒక్క బోల్టు, ఒక్క పానా. పది నిమిషాల పని.

“వాడు నెమ్మదిగా నడపాలని చేశాను,” అన్నాడు.

మెకానిక్కు గుడ్డని జేబులో కుక్కుకున్నాడు, మళ్లీ తీశాడు. డ్రైవరు తండ్రినే చూస్తున్నాడు. ఆ రెండు నెలలూ తను ఎంత జాగ్రత్తగా ముల్లుని నలభై దగ్గర పట్టి ఉంచాడో, ఆ మలుపులో కూడా ఎలా ఒకసారి కిందకి చూసి, పరవాలేదు అనుకున్నాడో, అదంతా అతని మొహంలో నడిచి వెళ్లింది. మాస్టారి తొడ ఎముక గురించి ఎవరూ ఎత్తలేదు. అందరూ దాన్నే తలుచుకుంటున్నారు.

కోడలు ముందుగా తేరుకుంది. ఆమెకి జాలి కలగకపోలేదు. కానీ రేపు పదింటికి తన మొగుడు నిలబడే చోటు ఆమెకి ఈ గదికంటే స్పష్టంగా కనబడుతోంది. ఆ గదిలో అధికారులకి ఈయన మొహం తెలుసు, మాట తెలుసు. ఈయన చెబితే నమ్ముతారు. ఇంకెవరు చెప్పినా నమ్మరు.

ఆమె వెళ్లి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. ఆయన కళ్లలోకి చూడాలంటే ఆ ఎత్తులోనే కుదురుతుంది.

“రేపు అక్కడికి వచ్చి ఈ మాటే చెప్తారా మామయ్యా?”

పెద్దాయన కొడుకు వైపు చూడలేదు. భార్య వైపు చూడలేదు. ముల్లు అబద్ధమాడదన్న తన మాటా, ఆ మాటతో పోయిన రెండు లైసెన్సులూ ఆయన కళ్ల ముందున్నాయి.

“చెప్పను,” అన్నాడు.